మావయ్యగారి ముత్తాత నంబరు: మారిషస్‌లో కాగితాల వెంట తిరిగిన నా అనుభవం

మా అత్తవారి ఇంటిపేరు సన్నాసీ. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు విజయనగరంలో మా అమ్మ ఆ పేరు విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అది ఇంటిపేరు కాదే, ఎవరో మనిషి పేరు అయ్యుంటుంది. మన వైపు ఊరికి ఎంతమంది సన్యాసులు, ఎంతమంది సన్యాసమ్మలు లేరు" అంది. 2012లో పెళ్లయి మారిషస్ వచ్చాను. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమని తేలడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఇక్కడ మన వాళ్ల ఇంటిపేర్లు చాలావరకు అలా వచ్చినవే. చెరకు తోటల్లో పనికి ఒప్పందం రాసి ఓడ దిగిన మనిషికి ఒక పేరు, తండ్రి పేరు, ప్రభుత్వం ఇచ్చిన ఒక నంబరు, అంతే ఉండేవి. పిల్లలు పుట్టాక అతని పేరే వాళ్లకి ఇంటిపేరైంది, అదీ రాసుకునే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా. మేము తర్వాత తెప్పించుకున్న కాగితాల్లోనే ఆ ఒక్క పేరుకి నాలుగు స్పెల్లింగులు దొరికాయి.

ఈ వెతుకులాట మొదలైంది 2024 మార్చి 12న. అది మారిషస్ స్వాతంత్ర్య దినం. ఆ ఏడాది ముఖ్య అతిథిగా వచ్చిన మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారత సంతతి మారిషస్ వాళ్లకి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఇచ్చేలా వెసులుబాటు కల్పిస్తున్నామని ప్రకటించారు. మావయ్యగారు టీవీ ముందు కూర్చుని విన్నారు. నిజానికి ఆయన నాలుగో తరమే కాబట్టి అంతకుముందే అడగొచ్చు, ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం నా వైపు తిరిగి, "కార్డు సంగతి తర్వాత, మా ముత్తాత ఏ ఊరివాడో నాకు తెలియాలి, నువ్వు చదవగలవు కదా" అన్నారు. ఆయన ఇది క్రియోల్‌లో, అంటే ఇక్కడ అందరూ మాట్లాడే, ఫ్రెంచి నుంచి పుట్టిన భాషలో అన్నారు. మావయ్యగారికి తెలుగు పాటలో వస్తుంది, మాటలో రాదు. రామభజనం రోజు రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ ఒక్క అక్షరం తప్పకుండా పాడతారు, సింహాద్రి అప్పన్న పూజలో గోవిందలు కొడతారు, అమ్మోరు పండగ చేస్తారు, కానీ "అన్నం తిన్నారా" అని నేను అడిగితే నవ్వి క్రియోల్‌లో జవాబిస్తారు.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది, ఇంట్లో బతికున్న పెద్దాయన జనన పత్రంతో మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి, మధ్యలో ఒక్క లింకు తెగినా ముందుకి కదలరు. మా ఇంట్లో పాత కాగితం ఒక్కటీ లేదు. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కరోల్ తుపాను చెరకు ఆకు కప్పిన ఇంటిని, అందులోని రేకు పెట్టెని కూడా ఎత్తుకుపోయిందట. మావయ్యగారికి అప్పటికి అయిదేళ్లు నిండలేదు. పెట్టె పోయినందుకు వాళ్ల నాన్న ఏడవడం ఆయనకి గుర్తుంది గానీ, అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

మావయ్యగారిది 1955 పుట్టుక. ఆ జనన పత్రం తేలిగ్గానే దొరికింది. మామూలుగా ఇచ్చే చిన్న ఎక్స్‌ట్రాక్ట్ కాకుండా అసలు పేజీ నకలు అడిగి తీసుకోండి, ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండు సార్లు తిరిగే పని తప్పేది. ఆ నకలు చేతికొచ్చాక పేజీ కింద, బిడ్డ పుట్టినట్టు చెప్పినవాళ్లు సంతకం చేసే చోట చూశాను. ఫ్రెంచి పొడి అక్షరాల మధ్య వంకర టింకరగా, పలక మీద దిద్దినట్టు, తెలుగులో "సన్నాసి రాములు" అని ఉంది. రా మీద దీర్ఘం పక్క గీతని తాకేసింది. లు కొమ్ము రెండు సార్లు దిద్దారు. ఆఫీసు వరండాలో నిలబడి నేను ఆ పేరు పైకి చదివాను, మావయ్యగారు నా చేతిలోంచి కాగితం తీసుకుని ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆయన నాన్న పేరు తెలుగు అక్షరాల్లో ఆయన చూడటం అదే మొదటిసారి.

చెరకు కోసే మనిషికి ఆ సంతకం ఎందుకు అవసరమైందో మావయ్యగారు తిరుగు బస్సులో చెప్పారు, తర్వాత నేను కూడా చదివి తెలుసుకున్నాను. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడ ఓటు ఆస్తిపాస్తులు ఉన్నవాళ్లకే. మొత్తం దీవిలో పన్నెండు వేల మందికి లోపే ఓటర్లు. 1937లో తోటల్లో అల్లర్లు జరిగాయి, కూలీల మీద కాల్పులు జరిగాయి. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ ఆరెల్ ఎస్టేటులో జీతం పెంచమన్న కూలీల మీద పోలీసులు కాల్చారు. నలుగురు పోయారు, వాళ్లలో అంజలై అనే నిండు గర్భిణి ఉంది. ఇప్పుడు ఆ ప్రాంతంలోని స్టేడియానికి ఆమె పేరే. రాములు తాతగారికి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఆయన పనిచేసేది వేరే తోటలో, అయినా ఆ కబురు విన్నాక రాత్రి బడికి వెళ్లడం మొదలుపెట్టారట. 1947లో వచ్చిన కొత్త రాజ్యాంగం ఓటుకి ఆస్తి అక్కర్లేదు, ఇక్కడి భాషల్లో ఏదో ఒక దానిలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలంది. ఆ భాషల జాబితాలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది! సంఘ సంస్కర్త బసుదేవ్ బిసున్‌దయాళ్ మనుషులు ఊరూరా తిరిగి జనానికి అక్షరాలు, సంతకం నేర్పారు. తెలుగువాళ్ల వీధుల్లో రామభజనం పుస్తకమే వాచకమైంది. 1948 ఎన్నికల నాటికి ఓటర్లు డెబ్బై రెండు వేల దాకా చేరారు. ఆ డెబ్బై రెండు వేలలో మా తాతగారు ఒకరు. ఇది తెలిశాక ఆ వంకర అక్షరాలు నాకు వేరేగా కనబడ్డాయి, మన అ ఆ ఇ ఈలు ఇంత దూరంలో ఒక దేశం తలరాత మార్చే పనిలో ఉన్నాయని మా బళ్లో నాకెవరూ చెప్పలేదు.

రెండో మెట్టు దగ్గర ఆగిపోయాం. రాములు తాతగారి 1922 జనన పత్రంలో తండ్రి పేరే లేదు, తల్లి పేరు ఒక్కటే ఉంది. మావయ్యగారి ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అత్తయ్యగారు నాతో గొంతు తగ్గించి, "ఇక వదిలేద్దామా" అన్నారు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఇంటి దగ్గర పందిరి వేసి, తాళి కట్టి, ఊరందరికీ భోజనం పెట్టి చేసుకున్న పెళ్లిని చట్టం పెళ్లిగా ఒప్పుకునేది కాదు. సివిల్ ఆఫీసులో రాయించుకుంటేనే పెళ్లి. రాయించుకోడానికి ఒక రోజు పని మానాలి, తోటలో ఒక రోజు మానితే రెండు రోజుల కూలి కోసే అలవాటు మా ముత్తాతల కాలంలో ఉండేది, ఆ భయం పిల్లల తరం దాకా పోలేదు. దాంతో వేల మంది పిల్లలు కాగితం మీద తండ్రి లేనివాళ్లుగా పుట్టారు. నలభై ఏళ్లు కలిసి కాపురం చేసిన తల్లిదండ్రులున్నవాళ్లని అక్రమ సంతానం అని రాసిన ఆ మాట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దారి చూపించింది క్యూలో నా ముందు నిలబడ్డ, ఆఫ్రికా మూలాలున్న ఒక క్రియోల్ ఆవిడ. అరవై దాటి ఉంటాయి, పొలం తగువు కోసం వాళ్ల అమ్మమ్మ కాగితాలకి వచ్చారు. మా కథ విని, "పుట్టిన ఏడాది దగ్గర వెతక్కండి, ముసలితనంలో వెతకండి. పిల్లలు పెద్దయ్యాక ఎవరో ఒకరు పెద్దవాళ్లని తీసుకెళ్లి పెళ్లి రాయించి ఉంటారు, అందులో పిల్లలందరి పేర్లూ ఎక్కిస్తారు" అన్నారు. మరీ ముసలితనం కాకపోయినా, ఇంచుమించు అలాగే జరిగింది. కాకపోతే వెతకడానికి మూడు నెలలు పట్టింది, ఎందుకంటే ఒక కౌంటర్‌లో ఎస్ అక్షరంలో లేదన్నారు, ఇంకోసారి వస్తే సి అక్షరం కింద దొరికింది. 1931 నాటి పెళ్లి పత్రం. వరుడికి ముప్ఫై ఎనిమిదేళ్లు, అయిదుగురు పిల్లల్ని తమ బిడ్డలుగా ఒప్పుకుంటున్నట్టు రాశారు, మూడో పేరు మా రాములు తాతగారిది. సంతకాల చోట భార్యాభర్తలిద్దరికీ చిన్న ఇంటూ గుర్తులు. వరుడి తండ్రి పేరు పక్కన, మేము ఏడాదిగా వెతుకుతున్న ఆరంకెల నంబరు.

క్యూలో కలిసిన ఆవిడతో ఆ రోజు చాలాసేపు మాట్లాడాను. ఆవిడ పూర్వీకులు బానిసలు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. సుమారు 66,000 మంది విడుదలయ్యారు, నష్టపరిహారం మాత్రం యజమానులకి ఇచ్చారు. "మీకు ఓడ పేరు దొరుకుతుంది, ఊరి పేరు దొరుకుతుంది. మాకు దొరికేది యజమాని పెట్టిన పేరు ఒక్కటే, మొజాంబిక్ అనో మడగాస్కర్ అనో పక్కన రాస్తారు, అది ఊరా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ దేశంలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, అయినా ఇరుగుపొరుగు మధ్య ఒక్కోసారి చిటపటలాడే కోపం ఎక్కడిదో నాకు ఆ వరండాలోనే కాస్త అర్థమైంది. 2009లో ప్రభుత్వం వేసిన సత్య, న్యాయ కమిషన్ 2011లో పెద్ద నివేదికే ఇచ్చింది, బానిసల వారసుల భూములు ఎలా చేజారాయో అందులో ఉంది. ఆవిడ తగువు అలాంటిదే, ఇంకా తేలలేదు.

మేముండే ఫ్లాక్ నుంచి రాజధాని పోర్ట్ లూయీకి ఇలా ఎన్ని సార్లు తిరిగామో లెక్కలేదు. బస్సులో మావయ్యగారు చెప్పిన కబుర్లే నాకు ఈ దేశ చరిత్ర. 1967 ఆగస్టు ఎన్నికల్లో దాదాపు 44 శాతం మంది స్వాతంత్ర్యం కోరిన పార్టీలకి వ్యతిరేకంగా ఓటేశారు, ఇది విన్నప్పుడు నేను నమ్మలేదు. హిందువులు ఎక్కువ, రేపు రాజ్యం వాళ్లదే, మా గతేంటి అని తక్కిన వాళ్ల భయం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోల్, ముస్లిం వాడల మధ్య కొట్లాటలు చెలరేగాయి, బ్రిటిష్ సైన్యం దిగింది. అప్పటిదాకా కలిసి ఉన్న వీధులు కొన్ని మతాల వారీగా విడిపోయాయి. రెండు నెలలు తిరక్కుండా, మార్చి 12 మధ్యాహ్నం షాం ద మార్స్ మైదానంలో నాలుగు రంగుల జెండా ఎగిరింది, రావలసిన బ్రిటిష్ రాకుమారి అలెగ్జాండ్రా ఆ అల్లర్ల వల్ల రాలేదు. మావయ్యగారు అప్పటికి పదమూడు నిండని పిల్లాడు, వాళ్ల నాన్న భుజాల మీద ఎక్కి చూశానంటారు. ఆ ఏడే ఆయన పక్కింటి స్నేహితుడి కుటుంబం సామాన్లు సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఆ అబ్బాయి ఇచ్చిన గోళీల డబ్బా మావయ్యగారి దగ్గర ఇప్పటికీ ఉంది.

తర్వాతిది ఆయన మాటల్లో వేగంగా సాగిపోతుంది. 1971లో ఎమర్జెన్సీ, 1972లో జరగాల్సిన ఎన్నికలు 1976 దాకా వాయిదా, 1975 మేలో విద్యార్థుల ఊరేగింపు. ఆ ఊరేగింపులో ఇరవై ఏళ్ల మావయ్యగారు ఉన్నారు. 1977 నుంచి హైస్కూలు చదువు ఫీజు లేకుండా అయింది, ఆయన చెల్లెలు చదువుకున్నది దాని వల్లే. 1982లో ప్రతిపక్షం 60కి 60 సీట్లు గెలిచింది, స్వాతంత్ర్యం తెచ్చిన ప్రధాని రామ్‌గూలామ్ కూడా ఓడిపోయారు. ఓడినవాళ్లు దిగిపోయారు, గెలిచినవాళ్లు ఎక్కారు, ఒక్క తూటా పేలలేదు. ఆఫ్రికాలో ఎన్ని దేశాల్లో అలా జరిగింది చెప్పు అని మావయ్యగారు ఇక్కడ ప్రతిసారీ ఆగుతారు. అత్తయ్యగారికి మాత్రం 1980లంటే రాజకీయం కాదు, స్వెటర్ల ఫ్యాక్టరీ. పద్దెనిమిదేళ్లకే మిషను ముందు కూర్చున్నారు, ఇంట్లో తొలి ఫ్రిజ్ ఆవిడ జీతంతోనే వచ్చింది. 2005లో బట్టల ఎగుమతి కోటాలు ఎత్తేశాక ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆవిడది కూడా.

నాకు నచ్చనిది ఒకటి ఉంది. ఇక్కడ ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి తాను హిందువో, ముస్లిమో, చైనా సంతతో, కాకపోతే "జనరల్ పాపులేషనో" చెప్పుకోవడం దశాబ్దాలుగా నడిచింది, తక్కువ సీట్లు వచ్చిన వర్గానికి ఓడినవాళ్లలోంచి కొన్ని సీట్లిచ్చే లెక్క కోసం. ఆ రోజుల్లో చిన్న వర్గాల భయం తీర్చడానికి అది పనికొచ్చి ఉండొచ్చు. కానీ మావయ్యగారి లాంటి మనిషి ఆ నాలుగు గళ్లలో ఎక్కడ ఇముడుతారు? తెలుగువాడిననే గడి లేదు, మారిషస్‌వాడిననే గడీ లేదు.

నంబరు దొరికాక మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాం. ఓడల్లో వచ్చినవాళ్ల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ దీవికి వచ్చారు. మన వాళ్లని పాత రోజుల్లో కోరంగివాళ్లనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. మేము తెచ్చిన పత్రాలన్నీ వరుసగా పెట్టి చూపించాం, పేర్లలో తేడాకి కోర్టులో చేయించిన అఫిడవిట్ కూడా జత చేశాం, అది లేకపోతే తర్వాత ఓసీఐ దగ్గర ఇబ్బంది. పిలుపు రావడానికి కొన్ని వారాలు పట్టింది.

సన్యాసి, తండ్రి అప్పలసామి, వయసు 18, రేవు మద్రాసు, 1870. జిల్లా విశాఖపట్నం. మద్రాసులో ఓడ ఎక్కి, పోర్ట్ లూయీలో కూలీలు దిగే రేవులో, ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అనే చోట, పదహారు రాతి మెట్లు ఎక్కాడన్న మాట. తాలూకా దగ్గర గుమాస్తా రాసిన ఇంగ్లీషు అక్షరాలు అక్కడి అమ్మాయికి అర్థం కాలేదు, చూడగానే నాకు చీపురుపల్లి కనబడింది. మా ఊరి నుంచి గంట ప్రయాణం. 1866 కరువు గంజాం నుంచి మా జిల్లా దాకా ఎలా ఊడ్చేసిందో మా నాయనమ్మ వాళ్ల అమ్మమ్మ మాటగా చెప్పేది. ఆ కరువు నాటికి ఈ పిల్లాడికి పద్నాలుగేళ్లు. ఊరి పేరు మాత్రం పూర్తిగా తేలలేదు, చివరి రెండక్షరాలు పేటో, వలసో. నాకు తెలిసిన రెండు ఊళ్లకి సరిపోతుంది. మా తమ్ముణ్ణి రెండింటికీ వెళ్లి రమ్మన్నాను.

చివర్లో ఫోటో ఇచ్చారు. మావయ్యగారు ఫోటో ఉంటుందని అనుకోలేదు. భుజం మీద తుండు, బిగించి కట్టిన జుట్టు, కెమెరా వైపు సూటిగా చూస్తున్న కళ్లు, కింద తెల్లగా ఆ నంబరు. ముక్కు మా ఆయనదే. మేమంతా మురిసిపోతుంటే ఫోటో ఎందుకు తీశారో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 1867 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలీ కూడా ఫోటో అతికించిన టికెట్టు, పోలీసు పాసు దగ్గర పెట్టుకుని తిరగాలి, అడిగినప్పుడు చూపించలేకపోతే దేశదిమ్మరి కింద జైలు. 1871లో మామగారి తోట నడిపే ప్లేవిట్జ్ అనే ఆయన ఈ అన్యాయం మీద 9,401 మంది పాత కూలీల తరఫున అర్జీ పెట్టాడు. తోటల యజమానులు అతన్ని వీధిలో కొట్టారు, ఆ తర్వాతే లండన్ నుంచి విచారణ కమిషన్ వచ్చింది. మా ముత్తాత ఫోటో 1875 నాటిది. ఎవరికో జ్ఞాపకంగా ఇవ్వడానికి తీయించుకున్నది కాదు.

ఇది మావయ్యగారికి చెప్పినప్పటి నుంచి ఇంట్లో వాదన. ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఆ నంబరు కత్తిరించెయ్యాలని ఆయన పట్టుదల. "అది పశువుకి వేసే ముద్ర, దేవుడి గదిలో పెట్టే ఫోటోకి అది ఎందుకు" అంటారు. మా ఆయన ఒప్పుకోరు. ఆ నంబరే లేకపోతే మనం ఆయన్ని కనుక్కునేవాళ్లమా, ఉండాల్సిందే అంటారు. నన్ను అడిగితే నాకు ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది, అదే చెప్పాను, ఇద్దరూ నా మీద కోప్పడ్డారు. ఓసీఐ అప్లికేషన్ పెట్టేశాం, ఇంకా కబురు రాలేదు. మా తమ్ముడు ఒక ఊరికి వెళ్లొచ్చాడు, అక్కడ అప్పలసామి పేరుతో మూడిళ్లున్నాయట, రెండో ఊరు మిగిలింది. ఫ్రేమ్ షాపు వాడు రెండు సార్లు ఫోన్ చేశాడు, ఫోటో ఇంకా కవర్లోనే, టీవీ పక్కన బల్ల మీద ఉంది.